స్వరలిపి చదవడం రాని గిటార్ మాస్టర్: పాకో దె లూసియా కథ

ముందుగా ఒక ప్రశ్న. మీ కాలేజీ ఫెస్ట్‌లోనో, హైదరాబాద్‌లో ఏదైనా కేఫ్‌లోనో అన్‌ప్లగ్డ్ షో చూసే ఉంటారు కదా. ఒకరు గిటార్ వాయిస్తుంటారు, ఒకరు పాడుతుంటారు, ఇంకొకరు ఒక చెక్కపెట్టె మీద కూర్చుని, కాళ్ళ మధ్యకి వంగి దాన్నే అరచేతుల్తో వాయిస్తుంటారు. ఆ పెట్టె పేరు కహోన్. స్పానిష్‌లో ఆ మాటకి అర్థం పెట్టె అనే, అంతకన్నా ఏం లేదు. అది పెరూ దేశంలో పుట్టింది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ సంతతి అక్కడ చెక్కపెట్టెల్నే డప్పులుగా వాయించారు. మరి పెరూలో ఉన్న పెట్టె ప్రపంచంలో ఇన్ని స్టేజీల మీదకి ఎలా వచ్చింది? ఆ దారి వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే ఒక స్పానిష్ గిటారిస్టు దగ్గర ఆగుతాం. ఆయనే పాకో దె లూసియా. ఇవాళ ఎపిసోడ్ ఆయన గురించి. ఆయన గురించి అంటే ఫ్లమెంకో గురించి కూడా.

ఫ్లమెంకో అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది 'జిందగీ నా మిలేగీ దోబారా' సినిమాలో సెన్యొరీతా పాట. తప్పేం లేదు. ఆ పాటలో స్పానిష్ లైన్లు పాడిన మరియా దెల్ మార్ ఫెర్నాండెజ్ నిజంగానే ఫ్లమెంకో గాయని, కాదిస్ ప్రాంతం మనిషి. కానీ ఆ పాట చూసి ఫ్లమెంకో అంటే పండగ సంగీతం, ఎర్ర గౌను, చప్పట్లు అనుకుంటే మాత్రం సగమే చూసినట్టు. దీని లోపలి పొర ఏడుపుకి చాలా దగ్గరగా ఉంటుంది. మొదటిసారి వినేవాళ్ళకి 'ఈయన పాడుతున్నాడా, అరుస్తున్నాడా' అనిపించడం మామూలే. నాకూ అలాగే అనిపించింది.

ఇది పుట్టింది స్పెయిన్ దక్షిణాన ఆండలూసియాలో. కాదిస్, హెరెజ్, సెవిల్, ఆ చుట్టుపక్కల. ముఖ్యంగా హితానోల ఇళ్ళల్లో, కొలిమి దగ్గర, పెళ్ళిళ్ళలో. హితానోలు అంటే స్పెయిన్‌లోని రోమా జనం. ఇక్కడ మనకి ఒక చుట్టరికం ఉంది. రోమా భాష ఉత్తర భారతదేశపు భాషల కుటుంబానిదే. వాళ్ళు ఒకటి, రెండు, మూడు లెక్కపెడితే యేక్, దుయ్, త్రిన్ అంటారు. నీళ్ళని పానీ అంటారు. సుమారు వెయ్యేళ్ళ కిందట మన ఉపఖండం నుంచి బయల్దేరి, పర్షియా, బాల్కన్ ప్రాంతాల మీదుగా నడుచుకుంటూ 1425 నాటికి స్పెయిన్ చేరారు. అక్కడ స్వాగతం ఎక్కువ కాలం నిలవలేదు. 1499 నుంచి వాళ్ళ మీద చట్టాలే చట్టాలు. 1749 జూలై చివర్లో రాజాజ్ఞతో దేశమంతా ఒకేసారి దాడి చేసి, వేలమంది హితానోలని పట్టుకుని, మగవాళ్ళని ఆడవాళ్ళని విడదీసి నిర్బంధించారు. ఆ పాటల్లో అంత గొంతు చించుకోవడం ఎందుకో ఇప్పుడు కొంచెం అర్థమవుతుంది.

అయితే వాట్సాప్‌లో తిరిగే 'ఫ్లమెంకో మన కథక్ నుంచే పుట్టింది' లాంటి మెసేజ్‌లు మాత్రం నమ్మకండి. వచ్చినవాళ్ళ మూలం ఇక్కడిది, సంగీతం పుట్టింది అక్కడే. హితానోల గొంతు, అంతకుముందు శతాబ్దాల అరబ్బు పాలన వదిలివెళ్ళిన వాసన, ఆండలూసియా పల్లెపాట, లాటిన్ అమెరికా నుంచి ఓడల్లో తిరిగొచ్చిన లయలు, ఇవన్నీ కలిసి 18, 19 శతాబ్దాల్లో ఒక రూపం కట్టాయి.

సరే, ఇప్పుడు ఒక చిన్న పని చేద్దాం. ఫోన్ పక్కన పెట్టండి, రెండు చేతులూ కావాలి. 1 నుంచి 12 వరకు ఒకే వేగంతో లెక్కపెట్టండి. 3, 6, 8, 10, 12, ఈ ఐదు చోట్ల మాత్రం గట్టిగా చప్పట్లు కొట్టండి. ఒకటీ రెండూ *మూడూ*, నాలుగూ ఐదూ *ఆరూ*, ఏడూ *ఎనిమిదీ*, తొమ్మిదీ *పదీ*, పదకొండూ *పన్నెండూ*. మొదట మూడేసి, తర్వాత రెండేసి. ఇదే సొలెయా అనే రకం లయ. వాళ్ళు దీన్ని కొంపాస్ అంటారు. మనం తాళం అంటాం, ఆవర్తనం అంటాం. ఇదే చక్రాన్ని బాగా వేగంగా తిప్పి, దెబ్బలు అటూ ఇటూ జరిపితే బులెరియా. ఫ్లమెంకో ఇళ్ళల్లో పిల్లలు మాటలతోపాటే ఇది కూడా నేర్చుకుంటారు. పాట సాగుతున్నంతసేపూ పక్కనున్నవాళ్ళు కొట్టే చప్పట్లని మనం కచేరీ చివర కొట్టే చప్పట్లు అనుకోవద్దు. అది వాద్యం. దానికి పేరు కూడా ఉంది, పాల్మాస్.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్ళకి ఇంకో ముక్క చెప్తాను. ఫ్లమెంకోలో ఎక్కువగా వినిపించే స్కేల్‌ని పాశ్చాత్యులు ఫ్రిజియన్ అంటారు. స్వరాలు పెట్టి చూస్తే అది మన హనుమతోడి. గాంధారాన్ని ఒక మెట్టు పైకి జరిపితే వకుళాభరణం. ఫ్లమెంకో పాటగాళ్ళు ఈ రెండింటి మధ్యా తిరుగుతూ ఉంటారు. గమకాలు వేరు, పద్ధతి వేరు, కానీ మనవాళ్ళ చెవికి ఫ్లమెంకో అంత పరాయిగా అనిపించకపోవడానికి ఇదొక కారణం అని నా అనుమానం.

ఇక మన మనిషి దగ్గరికి వద్దాం. అసలు పేరు ఫ్రాన్సిస్కో సాంచెజ్ గోమెజ్. 1947 డిసెంబరు 21న అల్హెసీరాస్ అనే రేవు ఊళ్ళో పుట్టాడు. ఫ్రాన్సిస్కో అనే పేరున్నవాళ్ళందరినీ అక్కడ ముద్దుగా పాకో అంటారు. వీధిలో ఎంతమంది పాకోలు ఉంటారో మీరే ఊహించుకోండి. అందుకని తల్లి పేరు తగిలించి పిలిచేవాళ్ళు. ఈ కుర్రాడి అమ్మ పేరు లూసియా, పోర్చుగీసు ఆవిడ. 'లూసియా వాళ్ళ పాకో'. పాకో దె లూసియా అంటే అంతే. మన ఊళ్ళల్లో 'సీతమ్మగారి రాజు' అన్నట్టు. ప్రపంచమంతా పోస్టర్ల మీద అచ్చైన పేరు అమ్మ పేరుతో ఉన్న వీధి పిలుపు. ఇంకో మాట, పాకో హితానో కాదు. ఆ ఊరి పేదల్లో ఒకడు.

తండ్రి అంతోనియో పగలు దొరికిన పని చేసేవాడు, రాత్రి బార్లలో డబ్బున్నవాళ్ళ కోసం గిటార్ వాయించి తెల్లారి ఇంటికొచ్చేవాడు. అంతర్యుద్ధం తర్వాతి స్పెయిన్ అది. ఐదుగురు పిల్లలు. తినడానికే కటకట. ఆయన ఒక లెక్క వేసుకున్నాడు: ఈ ఇంట్లోంచి పేదరికం పోవాలంటే పిల్లలే వాయించాలి, పాడాలి. పెద్దన్న రామోన్ గిటారిస్టు అయ్యాడు, ఇంకో అన్న పెపె పాటగాడయ్యాడు. చిన్నోడు పాకోకి ఐదారేళ్ళప్పుడే చేతికి గిటార్ ఇచ్చారు. చదవడం, రాయడం, కాస్త లెక్కలు వచ్చాక బడి మాన్పించేశారు. ఆ తర్వాత రోజుకి పది, పన్నెండు గంటలు సాధన.

ఇక్కడ ఆగాలి. ఈ ముక్కని బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ పెట్టి మోటివేషనల్ రీల్‌గా చేసినవాళ్ళని చాలామందిని చూశాను. 'పన్నెండు గంటలు కష్టపడు, నువ్వూ లెజెండ్ అవుతావు' అని. నాకు ఆ రీల్స్ నచ్చవు. ఎందుకంటే అది ఒక పిల్లాడి బాల్యం. 2014లో ఆయన కొడుకు కుర్రో సాంచెజ్ తీసిన 'లా బుస్కెదా' డాక్యుమెంటరీలో పాకో తన జీవితం గురించి తనే మాట్లాడతాడు. నిజానికి పాకోకి పాడాలని ఉండేది. విపరీతమైన సిగ్గు. ఆ సిగ్గుతో గిటార్ వెనక దాక్కున్నానని ఇంటర్వ్యూల్లో చాలాసార్లు చెప్పాడు. తండ్రి మీద పగ పెట్టుకోలేదు, గౌరవంగానే మాట్లాడాడు. అది ఆయన ఇష్టం. కానీ అదే తండ్రిలాంటివాళ్ళు, అదే పన్నెండు గంటలు, చివరికి ఏమీ కాని పిల్లలు ఎంతమంది ఉంటారు? వాళ్ళ మీద ఎవరూ డాక్యుమెంటరీ తీయరు. ఇంటర్‌లో హాస్టల్ గదిలో పొద్దున ఐదు నుంచి రాత్రి పదకొండు దాకా కూర్చున్నవాళ్ళకి ఈ విషయం నేను వేరే చెప్పక్కర్లేదు.

అన్న రామోన్ అప్పటి పెద్ద గిటారిస్టు నీన్యో రికార్దో వాయించే ముక్కల్ని నేర్చుకుని వచ్చి తమ్ముడికి నేర్పేవాడు. తమ్ముడేమో ఉన్నది ఉన్నట్టు వాయించకుండా మార్చేసేవాడు. 1958లో, పదకొండేళ్ళు నిండక ముందే, అల్హెసీరాస్ రేడియోలో వాయించాడు. అన్న పెపెతో కలిసి 'లోస్ చికీతోస్ దె అల్హెసీరాస్', అంటే అల్హెసీరాస్ బుడ్డోళ్ళు అన్నమాట, ఆ పేరుతో రికార్డులు చేశాడు. తర్వాత హొసె గ్రెకో అనే నర్తకుడి బృందంతో అమెరికా టూర్. అప్పటికి పదిహేను, పదహారేళ్ళ కుర్రాడు.

న్యూయార్క్‌లో సబీకాస్‌ని కలిశాడు. సబీకాస్ అంటే అప్పట్లో సోలో ఫ్లమెంకో గిటార్‌కి పెద్ద దిక్కు. హితానో. అంతర్యుద్ధం రోజుల్లో స్పెయిన్ వదిలేసినవాడు. కుర్రాడి వాయింపు విని ఆయన చెప్పిన సలహా ఏంటంటే, ఇంకొకరిలా వాయించకు, నీ సంగీతం నువ్వు కట్టుకో అని. ఇది వినడానికి మామూలుగా ఉంది కానీ, ఆ లోకంలో చాలా పెద్ద మాట. ఫ్లమెంకోలో మొదట పాట, తర్వాత ఆట. గిటార్ ఆ రెండింటికీ తోడు. మన దగ్గర పక్కవాద్యం అంటామే, అలా. రామోన్ మొంతోయా లాంటి ఒకరిద్దరు సోలోగా నిలబడ్డారు గానీ, గిటారిస్టు ముందు కూర్చోవడం అనేదే అప్పటికింకా కొత్త.

1967లో మొదటి సోలో ఆల్బమ్ వచ్చింది. ఆ తర్వాత ఏడాది పాకో జీవితంలోకి ఒక గొంతు వచ్చింది. హొసె మొంహె క్రూజ్. సన్నగా, తెల్లగా, బంగారు రంగు జుట్టుతో ఉండే హితానో కుర్రాడు. అందరూ కమరోన్ అంటారు, అంటే రొయ్య. ఊరు సాన్ ఫెర్నాందో, దానికి 'ద్వీపం' అని పేరు, కాబట్టి కమరోన్ దె లా ఇస్లా. కమ్మరి ఇంటి పిల్లాడు. మాడ్రిడ్‌లో తోర్రెస్ బెర్మేహాస్ అనే చోట పాడుతుండేవాడు. 1969 నుంచి 1977 దాకా వీళ్ళిద్దరూ కలిసి తొమ్మిది ఆల్బమ్‌లు చేశారు. వరసగా వింటే మీకే తెలుస్తుంది: మొదటి దాంట్లో సంప్రదాయంగా, ఒద్దికగా ఉంటారు. పోనుపోను గిటార్ పాటని మోయడం మానేసి పాటతో మాట్లాడటం మొదలుపెడుతుంది. పాడాలని ఉండీ పాడలేకపోయిన పాకో, తనకి కావలసిన గొంతు కమరోన్‌లో దొరికించుకున్నాడని నాకు అనిపిస్తుంది.

మధ్యలో 1973లో ఒక తమాషా జరిగింది. 'ఫువెంతె ఇ కవుదల్' అనే ఆల్బమ్ రికార్డింగ్ అయిపోవస్తోంది, కానీ రికార్డు నిండటానికి ఇంకో ముక్క కావాలి. బాస్ గిటార్, బొంగోలు పెట్టుకుని అప్పటికప్పుడు ఒక రుంబా వాయించేశారు. రుంబా అంటే నాలుగు దెబ్బల సులువైన లయ. పండితులు దాన్ని పెద్దగా లెక్కచేయరు. ఆ నింపుడు ముక్కే 'ఎంత్రె దోస్ ఆగువాస్'. రెండు నీళ్ళ మధ్య అని అర్థం. మధ్యధరా సముద్రం, అట్లాంటిక్ కలిసే జలసంధి అల్హెసీరాస్ పక్కనే. సింగిల్‌గా విడుదలై స్పెయిన్ మొత్తం ఊగిపోయింది. డిస్కోల్లో కూడా వేశారు. 1975 ఫిబ్రవరిలో మాడ్రిడ్‌లోని తెయాత్రో రియల్‌లో, అంటే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వాళ్ళ గడ్డ మీద, ఈ బారు గిటారిస్టు కొడుకు కచేరీ చేశాడు.

గిటార్ వాయించే ఫ్రెండ్స్ కోసం కాస్త టెక్నికల్‌గా చెప్తా, మిగతావాళ్ళు ఒక్క నిమిషం ఓపిక పట్టండి. ఫ్లమెంకో గిటార్ క్లాసికల్ గిటార్‌లాగే నైలాన్ తీగలది, కానీ పక్కపలకలు సాధారణంగా సైప్రస్ కర్రతో చేస్తారు. తేలిక, శబ్దం పొడిగా, టపటపా వస్తుంది. పైపలక మీద ఒక ప్లాస్టిక్ ముక్క అంటిస్తారు, ఎందుకంటే వేలితో దాన్ని కొడుతూ వాయిస్తారు. గిటారే డప్పు కూడా. వేళ్ళని ఒకదాని తర్వాత ఒకటి విసనకర్రలా విసిరి తీగలన్నీ మీటితే రస్‌గేయాదో. చూపుడువేలు, మధ్యవేలు మార్చి మార్చి ఒక్కో స్వరం పరుగెత్తిస్తే పికాదో. బొటనవేలు ఒక్కదాన్నే పైకీ కిందకీ ఆడిస్తే అల్సాపూవా. పాకో పికాదో వేగం చూసి ఇప్పటికీ వీడియో స్పీడ్ పెంచారేమో అనుకుంటారు జనం. లేదు. పిక్ కూడా లేదు. గోళ్ళు. ఇంకా చూడండి, గిటార్‌ని కాలు మీద కాలేసుకుని ఆ తొడ మీద అడ్డంగా పెట్టుకుంటాడు. పాతవాళ్ళు కుడి తొడ మీద నిలబెట్టినట్టు పట్టుకునేవాళ్ళు. ఇప్పుడు అందరూ పాకోలాగే కూర్చుంటారు.

1980 డిసెంబరు 5, శాన్ ఫ్రాన్సిస్కో, వార్‌ఫీల్డ్ థియేటర్. స్టేజి మీద మూడు గిటార్లు, అంతే. అల్ డి మెయోలా, జాన్ మెక్‌లాఫ్లిన్, పాకో. మెక్‌లాఫ్లిన్ మనకి బాగా తెలిసినవాడే. జాకిర్ హుస్సేన్, ఎల్. శంకర్, ఘటం విక్కు వినాయకరామ్‌తో శక్తి బ్యాండ్ పెట్టినాయన. ఆ రాత్రి రికార్డింగే 'ఫ్రైడే నైట్ ఇన్ శాన్ ఫ్రాన్సిస్కో'. లక్షల కాపీలు అమ్ముడుపోయింది.

ఆ రికార్డు వింటే ముగ్గురూ ఆడుకుంటున్నట్టు ఉంటుంది. కానీ పాకోకి అది ఆట కాదు. మిగతా ఇద్దరూ జాజ్ నుంచి వచ్చినవాళ్ళు, కార్డ్ మారుతుంటే దాని మీద అప్పటికప్పుడు అల్లుకుంటూ పోవడం తెలిసినవాళ్ళు. పాకోకి హార్మనీ ఎవరూ నేర్పలేదు. స్వరలిపి చదవడం రాదు. ఏ స్కేల్ ఎందుకు పనిచేస్తుందో మాటల్లో చెప్పలేడు. ఆ టూర్లలో తలనొప్పి, వెన్నునొప్పి పట్టుకునేవని ఆయనే చెప్పాడు. వాళ్ళు నా దగ్గర నేర్చుకున్నారని జనం అనుకుంటారు, నిజానికి నేర్చుకున్నది నేను అని కూడా అన్నాడు. ప్రపంచంలో బెస్ట్ అని పత్రికలు రాస్తుంటే, రాత్రికి స్టేజి ఎక్కడానికి భయపడుతున్న మనిషిని ఊహించుకోండి. అయినా ఎక్కాడు. నాకు ఆయన పికాదో కన్నా ఇదే ఎక్కువ ఇష్టం.

ఇంకోవైపు ఇంటిదగ్గర తిట్లు. 'ఇది ఫ్లమెంకో కాదు, చెడగొడుతున్నాడు' అని సంప్రదాయవాదులు. మన దగ్గర కొత్తగా ఎవరేం చేసినా వచ్చే తిట్లే. అదే సమయంలో పాకో ఏం చేస్తున్నాడంటే, ఆరుగురితో ఒక బృందం కట్టాడు. అన్నలిద్దరూ ఉన్నారు, వాళ్ళతోపాటు హోర్హె పార్దో ఫ్లూట్, శాక్సోఫోన్, కార్లెస్ బెనవెంత్ బాస్ గిటార్, బ్రెజిల్ నుంచి వచ్చిన రూబెమ్ దాంతాస్ తాళవాద్యం. 1970ల చివర్లో పెరూ వెళ్ళినప్పుడు పాకో కహోన్ చప్పుడు విన్నాడు. నర్తకి మడమ నేల మీద పడే శబ్దం లాంటిదే అందులో ఉంది. లోతైన దెబ్బా ఉంది, పొడి దెబ్బా ఉంది. ఒకటి వెంట తెచ్చేసుకున్నాడు, రూబెమ్ దాన్ని వాయించాడు. అంతే. పది, పదిహేనేళ్ళలో కహోన్ లేని ఫ్లమెంకో బృందం కనపడటమే అరుదైపోయింది. ఇప్పుడది సంప్రదాయ వాద్యమే అనుకుంటున్నారు చాలామంది. 'చెడగొట్టాడు' అన్నవాళ్ళ తర్వాతి తరం దాని మీదే కూర్చుంది.

1991లో ఇంకో సాహసం. హొయాకిన్ రోద్రీగో రాసిన 'కొంసియెర్తో దె అరంహుయెస్' అంటే క్లాసికల్ గిటార్‌కి పరీక్ష పేపర్ లాంటిది. ఆర్కెస్ట్రాతో వాయించాలి. లిపి చదవడం రాని మనిషి దాన్ని మొత్తం పట్టుబట్టి నేర్చుకుని వాయించాడు, చూపులేని ఆ వృద్ధ స్వరకర్త సభలో కూర్చుని వింటుండగా. క్లాసికల్ వాళ్ళలో కొందరు ముక్కు విరిచారు. నా మటుకు, ఆ లయ అంత బిగువుగా ఇంకెవరి దగ్గరా వినలేదు.

మరుసటి ఏడాది, 1992 జూలై 2న, కమరోన్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయాడు. 41 ఏళ్ళు. ఆ దుఃఖం ఒకటైతే, పాటల హక్కుల డబ్బు విషయంలో పాకో మీద ఆరోపణలు ఇంకొకటి. ఏళ్ళ తరబడి తోడున్న గొంతు పోయిన రోజుల్లోనే దొంగ అనిపించుకోవడం. బాగా కుంగిపోయాడు. 1998లో 'లూసియా' అనే ఆల్బమ్ వచ్చింది, పోర్చుగీసు స్పెల్లింగుతో, అమ్మ పేరు. అందులో పాకో ఒకచోట పాడాడు, కమరోన్‌ని తలుచుకుంటూ. యాభై ఏళ్ళు వచ్చాక, గిటార్ వెనకనుంచి కాస్త బయటికి వచ్చి.

2004లో ప్రిన్స్ ఆఫ్ అస్తూరియాస్ అవార్డు, 2010లో బెర్క్‌లీ మ్యూజిక్ కాలేజీ గౌరవ డాక్టరేట్. అదే ఏడాది యునెస్కో ఫ్లమెంకోని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. 2014 ఫిబ్రవరి 25న మెక్సికోలో, కుటుంబంతో ఉండగా, గుండెపోటుతో పోయాడు. 66 ఏళ్ళు. అప్పటికే పూర్తిచేసి పెట్టిన 'కాన్సియోన్ ఆండలూసా' తర్వాత విడుదలై లాటిన్ గ్రామీ ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ గెలిచింది. చిన్నప్పుడు రేడియోలో విన్న పాటల్ని గిటార్ మీద పాడించుకున్న ఆల్బమ్ అది. అల్హెసీరాస్‌లోనే సమాధి చేశారు.

ఎక్కడినుంచి వినాలి అంటారా? మొదట 'ఎంత్రె దోస్ ఆగువాస్'. అది ఎవరికైనా నచ్చుతుంది. తర్వాత 1987 నాటి 'సిరోకో' ఆల్బమ్, ఇందాక కొట్టిన పన్నెండు లెక్కతో. దారి తప్పితే తప్పనివ్వండి, మళ్ళీ మొదలుపెట్టండి. కమరోన్‌తో చేసినవి రాత్రిపూట, ఒక్కరే ఉన్నప్పుడు. ఆఖర్న ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని శాన్ ఫ్రాన్సిస్కో రికార్డులో మొదటి ట్రాక్. అందులో ఇద్దరే వాయిస్తారు, పాకో, డి మెయోలా. ఒకరు పిక్‌తో, ఒకరు వేళ్ళతో. పాకో ఏ చెవిలో ఉన్నాడో పట్టుకోండి చూద్దాం. ఉంటాను మరి.